తక్కెడ పట్టిన చెయ్యి: గృహస్థుని ధనం, ధమ్మం

నెల మొదటి వారంలో ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి కొత్తపేట వైపు నడిచి చూడండి. ఒక పక్క బట్టల మాల్స్, ఇంకో పక్క బంగారం షాపులు, మధ్యలో సెల్‌ఫోన్ దుకాణాలు. "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ", "జీరో వడ్డీ ఈఎంఐ" అని బోర్డులు మెరుస్తుంటాయి. జీతం పడి మూడు రోజులే అయ్యింది కాబట్టి చేతులన్నీ సంచులతో నిండి ఉంటాయి. అదే దారిలో నెల 22వ తారీఖున నడవండి. అవే చేతులు ఫోన్ పట్టుకుని "అన్నా, ఒక రెండు వేలు సర్దుతవా, ఫస్టుకు ఇచ్చేస్త" అని అడుగుతుంటాయి.

ఆ చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి. ఆదివారం వందనలో పంచశీల చదివి, సోమవారం వడ్డీ వ్యాపారి ఇంటి ముందు నిలబడే ఉపాసకులు మనలో ఎంతమంది లేరు? అందుకే ఈసారి ధ్యానం గురించి కాదు, ఇంటి లెక్క గురించి మాట్లాడుకుందాం. ఇది ధమ్మానికి బయటి విషయం అనుకోకండి. బుద్ధ భగవానుడు స్వయంగా చెప్పిన విషయమే.

నా ఇంటి సంగతి

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను దీక్ష తీసుకున్న నాలుగేళ్లకు మా బిడ్డ ఓణీల ఫంక్షన్ వచ్చింది. "మనం బౌద్ధులం కదా, ఇవన్నీ ఎందుకు" అని మా ఇంటామె అన్నది. నేనే వినలేదు. నలుగురు ఏమనుకుంటరు, అన్న పెట్టిండు, తమ్ముడు పెట్టిండు, మనం పెట్టకపోతే ఎట్ల అన్నాను. ఎల్బీ నగర్ దగ్గర ఫంక్షన్ హాల్ తీసుకున్నాం. పురోహితుణ్ణి పిలవలేదు, త్రిశరణం చదివించాం. అదే గొప్ప మార్పు అనుకున్నాను. కానీ ఖర్చు మాత్రం పాతదే. రెండు లక్షలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను.

మూడు రూపాయలు అంటే వినడానికి ఎంత చిన్నగా ఉంటుంది! నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. మూడేళ్లు కట్టాను, 2 లక్షల 16 వేలు అయ్యింది. అసలు అసలులాగే నిలబడి ఉంది. ఆ మూడో ఏడే బిడ్డకు నర్సింగ్‌లో సీటు వచ్చింది. హాస్టలుకు, పుస్తకాలకు, యూనిఫారానికి 40 వేలు కావాలి. నా దగ్గర లేవు. ఇంకో అప్పు పుట్టలేదు. "నాన్నా, ఆ రోజు నన్ను కుర్చీల కూసోబెట్టి అందరికి అన్నం పెట్టిన్రు. ఆ పైసలే ఉంటే ఇయ్యాల నేను కాలేజికి పోతుంటి" అన్నది. కోపంగా అనలేదు. మెల్లగానే అన్నది. నేను తలెత్తలేకపోయాను.

మా ఇంటామె గొలుసు అమ్మి అప్పు తీర్చాం. బిడ్డ మరుసటేడు చేరింది. పోయిన ఆ ఏడాది మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

ధమ్మ బంధువులారా, నేను పురోహితుణ్ణి వదిలాను గానీ, ఆ పురోహితుడు నేర్పిన ఆడంబరాన్ని వదల్లేదు. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలు దేవుళ్లను మార్చుకోవడానికి కాదు, బతుకును మార్చుకోవడానికి. శ్రాద్ధం పెట్టను, పిండం పెట్టను అని ప్రతిజ్ఞ చేసి, దినాల పేరు తీసి "సంస్మరణ సభ" అని పేరు పెట్టి అదే దావత్ అప్పు చేసి పెడితే మారింది బోర్డు ఒక్కటే.

దీఘజాణు అడిగిన ప్రశ్న

కోలియుల పట్టణం కక్కరపత్తంలో దీఘజాణు అనే గృహస్థుడు బుద్ధుని దగ్గరికి వచ్చాడు. భగవాన్, మేము పెళ్లాం పిల్లలతో ఉండేవాళ్లం, చందనం పూసుకునేవాళ్లం, వెండి బంగారాలు ముట్టుకునేవాళ్లం. మాలాంటి వాళ్లకు ఈ జీవితంలో మేలు కలిగే దారి చెప్పండి అని అడిగాడు. బుద్ధుడు ఆయన్ని ఇల్లు వదిలి రమ్మనలేదు. డబ్బు పాపం అనలేదు. నాలుగు సంగతులు చెప్పాడు.

మొదటిది ఉట్ఠాన సంపద. చేసే పనిలో నేర్పు, శ్రద్ధ, బద్ధకం లేకపోవడం. సేద్యం కానీ, వ్యాపారం కానీ, కొలువు కానీ, ఆ పనిలో ఆరితేరాలి.

రెండోది ఆరక్ఖ సంపద. చెమటోడ్చి, న్యాయంగా సంపాదించినదాన్ని కాపాడుకోవడం. దొంగలు, నిప్పు, నీళ్లు, మన సొమ్ము కోసం కాచుకున్నవాళ్లు, వీటన్నిటి నుంచీ.

మూడోది కల్యాణ మిత్తత. మంచివాళ్ల స్నేహం.

నాలుగోది సమజీవిత. రాబడిని, ఖర్చును తెలుసుకుని సమంగా బతకడం. తక్కెడ పట్టినవాడికి ఎటువైపు ఎంత ఒరిగిందో తెలిసినట్టు గృహస్థుడికి తన ఇల్లు తెలియాలి. రాబడి తక్కువై ఖర్చు ఎక్కువైతే వాడు మేడిపండ్లు తినేవాడి లాంటివాడట. నాలుగు పండ్లు తినడానికి చెట్టంతా దులిపి, మిగతావి నేలపాలు చేస్తాడు. రాబడి ఎక్కువ ఉండి పిసినారిగా బతికితే ఆకలితో చచ్చేవాడి లాంటివాడట. రెండూ తప్పే. ఇంట్లో పిల్లలకు గుడ్డు, పాలు పెట్టకుండా దాచడం పొదుపు కాదు.

ఇవి చెప్పాకే బుద్ధుడు శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ గురించి దీఘజాణుకు చెప్పాడు. వరుస గమనించండి. ముందు ఇల్లు నిలబెట్టుకో అన్నాడు.

చెరువు, తూములు

అదే ఉపదేశంలో ఇంకో మాట ఉంది. చెరువులోకి నీళ్లొచ్చే కాలువలు నాలుగు, పోయే తూములు నాలుగు. రావలసిన కాలువలు మూసి, పోయే తూములు తెరిస్తే, వానలు కూడా సరిగా పడకపోతే చెరువు ఎండిపోతుంది. మనకు సరూర్‌నగర్ చెరువు పక్కనే ఉంది, వేరే ఉదాహరణ అక్కర్లేదు. సొమ్ము పోయే తూములు నాలుగు: పరస్త్రీ వ్యామోహం, తాగుడు, జూదం, చెడు సావాసం. రాజగృహంలో సిగాలుడికి చెప్పిన సూత్రంలో వేళకాని వేళ తిరగడం, ఆటపాటల తమాషాల వెంట పోవడం, సోమరితనం కూడా చేర్చాడు.

ఆ తూములు ఇప్పుడు ఎక్కడున్నాయి? వేళకాని వేళ తిరగడం అంటే రాత్రి రోడ్ల మీద తిరగడమే కాదు. అర్ధరాత్రి పడుకుని ఫోన్‌లో ఆర్డర్లు పెట్టడం కూడా. జూదం పేకాట క్లబ్బులో లేదు, జేబులో ఉంది. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని చట్టంతో నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. అయినా ఏదో ఒక పేరుతో లింకులు వస్తూనే ఉన్నాయి. బెట్టింగ్ యాప్‌లో మొదట 500 గెలిపించేది తర్వాత 50 వేలు గుంజుకోవడానికే.

తాగుడు సంగతి మీకు తెలుసు. మద్యం ముట్టను అని ప్రతిజ్ఞ చేశాం. శీలం ఒక పక్క ఉంచి లెక్క ఒక్కటే చూడండి. వారానికి రెండుసార్లు 200 చొప్పున అయితే ఏడాదికి 20,800. గుట్కా, సిగరెట్టు, బయటి చిరుతిండి కలిపి రోజుకు 60 అనుకున్నా ఏడాదికి 21,900. "నాకు మిగుల్తలేదు" అనేవాళ్లు ముందు ఈ తూముల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి.

అప్పు లేని సుఖం

అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుని సుఖాలు నాలుగు చెప్పాడు. న్యాయంగా సంపాదించినది ఉండటం ఒక సుఖం. దాన్ని అనుభవించి, దానం చేయడం ఒక సుఖం. ఎవరికీ చిన్నదీ పెద్దదీ బాకీ లేకపోవడం ఒక సుఖం. దాన్నే అనణ సుఖం అన్నాడు. తప్పు చేయని నడతతో బతకడం అన్నిటికన్నా పెద్ద సుఖం.

అప్పు ఉన్నవాడికి ఫోన్ మోగితే భయం. తలుపు చప్పుడైతే భయం. వాడు ధ్యానంలో కూర్చున్నా ఊపిరి కనిపించదు, వాయిదా కనిపిస్తుంది. 2020 డిసెంబరు గుర్తుందా? లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. కొన్ని వేల రూపాయల కోసం ఫోన్‌లోని ఫోటోలు, నంబర్లన్నీ అప్పగించి, ఆ ఫోటోలతోనే పరువు తీయించుకున్న పిల్లలు వాళ్లు. అంతకు పదేళ్ల ముందు, 2010 అక్టోబరులో, మైక్రో ఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి పల్లెల్లో ఆత్మహత్యలు జరిగితే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. పేరు మారుతుంది, ఉరి అదే.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా చిక్కుకుంటే తిట్టకండి. దాచిపెట్టిన అప్పే మనిషిని చంపుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం ఎంత, ఎవరెవరికి అని కాగితం మీద రాయించండి. యాప్ వాళ్లు బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. తర్వాత ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చండి. క్రెడిట్ కార్డు మీద "మినిమమ్ డ్యూ" కట్టి ఊపిరి పీల్చుకోకండి. మిగతా దాని మీద నెలకు మూడు రూపాయలకు పైనే వడ్డీ పడుతుంది. అది చదువుకున్నవాడి డైలీ ఫైనాన్స్.

చీటీలు వేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదు కాని చీటీలో డబ్బు పోతే చేతిలో కాగితం ఉండదు. "మనోడే, మన కులపోడే" అనే మాట రసీదు కాదు.

నాలుగు భాగాలు

సిగాలుడికి చెప్పిన లెక్క ఇది. రాబడిని నాలుగు భాగాలు చెయ్యి. ఒక భాగం అనుభవించు, రెండు భాగాలు పనిలో పెట్టు, నాలుగోది ఆపద కోసం దాచు. తేనెటీగ పువ్వును నలపకుండా తేనె కూడబెట్టినట్టు, చీమలు పుట్ట పెంచినట్టు సంపద పెరుగుతుంది.

"అన్నా, కిరాయికే సగం పోతది, నాలుగు భాగాలెక్కడివి?" అంటారు. నిజమే. బుద్ధుని లెక్క గీటు గీసి కొలవడానికి కాదు, దిక్కు చూపడానికి. ఎల్బీ నగర్‌లో ఉండే ఒక ఇంటిని అనుకుందాం. ఇద్దరి సంపాదన 30 వేలు. కిరాయి 8 వేలు. బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు 8 వేలు. పిల్లల ఫీజు 4 వేలు. రానుపోను 2 వేలు. గ్యాసు, కరెంటు, ఫోన్లు 1,500. మందులు వెయ్యి. మొత్తం 24,500. మిగిలింది 5,500.

లెక్క రాయని ఇంట్లో ఈ 5,500 ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. రాసే ఇంట్లో నెల మొదటి రోజే దాన్ని పంచుతారు: 2 వేలు ఆపద కోసం, 1,500 పిల్లల పేరున, 500 దానం, 1,500 సంతోషం కోసం. ఆ 2 వేలు ఏడాదికి 24 వేలు. అంటే దాదాపు ఒక నెల ఇంటి ఖర్చు చేతిలో ఉన్నట్టు. పోస్టాఫీసు ఆర్డీలో నెలకు 100 నుంచి కట్టొచ్చు, ఐదేళ్ల గడువు. నెలకు 1,500 కడితే ఐదేళ్లకు అసలే 90 వేలు, వడ్డీ అదనం. నేను ఓణీల ఫంక్షన్‌కు బదులు ఇది చేసి ఉంటే నా బిడ్డ ఏడాది ఇంట్లో కూర్చునేది కాదు.

ఆపద భాగం ఎందుకో 2020 అక్టోబరు వరదలు మనకు చూపించాయి. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చి బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు తడిసిపోయాయి. ప్రభుత్వం ఇచ్చిన 10 వేలతో ఇల్లు మళ్లీ నిలబడుతుందా? దాచుకున్నవాళ్లు నిలబడ్డారు, లేనివాళ్లు అప్పులోకి దిగారు.

ఖర్చు తగ్గించే దారులు కూడా ఇక్కడే ఉన్నాయి. సరూర్‌నగర్ రైతు బజార్‌లో ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. వారానికి ఒకసారి సంచి పట్టుకుని పోండి. జ్వరానికి, బీపీకి ముందు బస్తీ దవాఖానాకు పోండి, పరీక్షలు, మందులు ఉచితం. పెద్ద రోగమైతే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. మిగిలిన ఆ డబ్బు ఎటు పోతుందో చూసుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద బీమా, 50 ఏళ్లలోపు వాళ్లకు 436తో జీవిత బీమా, ఒక్కోటి 2 లక్షలకు. ఇవి హక్కులు. తెలుసుకోకపోవడం మన నష్టం.

ఇంకో కథ. కోశాంబిలో ఆనంద థేరుడికి రాణివాసం వాళ్లు 500 చీవరాలు దానం ఇచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటారని ఉదయన రాజుకు అనుమానం వచ్చి అడిగాడు. చినిగిన చీవరాలున్న భిక్షువులకు ఇస్తాం అన్నాడు ఆనందుడు. మరి పాతవి? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు తొడుగులు. అవీ పాతవైతే? నేల మీద పరుస్తాం, తర్వాత కాళ్లు తుడుచుకునే గుడ్డలు, తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరుకు ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతోషపడి ఇంకో 500 ఇచ్చాడు. పాత చీరలతో బొంతలు కుట్టిన మన అమ్మమ్మలకు ఈ ధమ్మం పుస్తకం లేకుండానే తెలుసు. మనమే ఆషాఢం ఆఫర్లలో మర్చిపోయాం.

ఇంటి తక్కెడ ఎవరి చేతిలో?

సిగాల సూత్రంలో భర్త ధర్మాల్లో ఒకటి ఇంటి అధికారం భార్యకు అప్పగించడం. భార్య ధర్మాల్లో ఒకటి తెచ్చిన సంపాదనను కాపాడటం. మన ఇళ్లలో చాలా వరకు కాపాడే పని ఆమెకిచ్చి అధికారం మనం ఉంచుకున్నాం. ఎంత అప్పు తెచ్చామో ఆమెకు చెప్పం, తీర్చేటప్పుడు మాత్రం ఆమె గొలుసు అడుగుతాం. నేను చేసింది అదే.

బాబాసాహెబ్ లండన్‌లో అర్ధాకలితో చదువుతుంటే ఇక్కడ ఇల్లు నడిపింది రమాబాయి. ఐదుగురు పిల్లల్లో నలుగురిని పోగొట్టుకున్న తల్లి ఆమె. ఆ చదువులో నుంచే 1923లో రూపాయి సమస్య మీద ఆయన గ్రంథం వచ్చింది. దేశపు రూపాయి లెక్క ఆయన చూశాడంటే, ఇంటి రూపాయి లెక్క ఆమె చూసింది కాబట్టే. 1942 జులై 20న నాగపూర్ మహిళా మహాసభలో బాబాసాహెబ్ పెళ్లి ఒక బాధ్యత అని, ఆర్థికంగా నిలదొక్కుకునేదాకా పిల్లల మీద దాన్ని మోపొద్దని తల్లులకు చెప్పాడు. ఆ మాట విన్న మనం పెళ్లికే అప్పు చేసి కొత్త జంటకు కట్నంగా ఇస్తున్నాం.

తరగని నిధి

అక్షయ తృతీయ రోజు దిల్‌సుఖ్‌నగర్ బంగారం షాపుల ముందు లైన్లు చూస్తుంటాం. ఆ రోజు కొంటే తరగదని నమ్మకం. అప్పు చేసి కొన్నది మూడు నెలలకు తాకట్టుకు పోతుంది. అది అక్షయం ఎట్లా అయ్యింది?

అక్షయం అనే మాటకు మన చరిత్రలో వేరే అర్థం ఉంది. బాబాసాహెబ్ కాలారాం సత్యాగ్రహం చేసిన నాసిక్‌లో బౌద్ధ గుహలున్నాయి. సుమారు 1,900 ఏళ్ల కిందట ఉషవదాతుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. భిక్షువుల కోసం 3 వేల కార్షాపణాలు ఇచ్చి, అందులో 2 వేలు నేతగాళ్ల శ్రేణిలో నెలకు నూటికి ఒకటి వడ్డీకి పెట్టాడు. అసలు ముట్టకూడదు, వడ్డీనే వాడాలి. దాన్నే అక్షయనివి అన్నారు. ఏడాదికి వడ్డీ 240. గుహలో వర్షావాసం ఉండే 20 మంది భిక్షువులకు తలా 12, చీవరాల కోసం. లెక్క సరిగ్గా సరిపోయింది. దానం కూడా లెక్కతో చేశారు మన పెద్దలు. నూటికి ఒకటి వడ్డీతో సంఘానికి బట్టలిచ్చిన పరంపర మనది. ఇవాళ నూటికి మూడు, ఐదు, పది కడుతున్నది కూడా మనమే.

అందుకే ఒక మాట, నొచ్చుకోకండి. ఏప్రిల్ 14న బస్తీ బస్తీకి డీజే పెడుతున్నాం. ఒక్క రాత్రి మోగి ఆగిపోయే చప్పుడుకు చందాలు ఎంత పోతున్నాయో లెక్క వేయండి. ఊరేగింపు వద్దనను. జెండా పట్టుకుని నడుద్దాం, పంచశీల చదువుదాం. డీజే డబ్బును మాత్రం మన విహారంలో ఒక నిధిగా పెడదాం. అసలు ముట్టకుండా, ఫీజు కట్టలేని ఒక పిల్లకు వడ్డీ ఇద్దాం. లెక్క ప్రతి పున్నమికి అందరి ముందు చదువుదాం. నా బిడ్డలా ఇంకో బిడ్డ ఏడాది ఇంట్లో కూర్చోకుండా ఉంటే అంతకన్నా జయంతి ఏముంటుంది?

ఈ పున్నమి నుంచి

1. ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజూ రాత్రి వందన తర్వాత ఐదు నిమిషాలు రాబడి, ఖర్చు రాయండి. పిల్లలతో రాయించండి.

2. ఉన్న అప్పులన్నీ భార్యాభర్తలు కలిసి ఒక కాగితం మీద రాయండి. దాపరికం వద్దు.

3. జీతం పడిన రోజే ఆపద భాగం పక్కకు తీయండి. నెలాఖరున మిగిలితే దాస్తాం అంటే ఎప్పటికీ మిగలదు.

4. ఫంక్షన్ కోసం అప్పు చేయనని బుద్ధుని ముందు సంకల్పం చెప్పుకోండి. పదిమందితో, ఇంట్లో, ఖీరుతో జరిగిన వేడుక కూడా వేడుకే.

5. ఏదైనా కొనే ముందు ఒక రాత్రి ఆగండి. పొద్దున కూడా కావాలనిపిస్తే కొనండి. కోరిక పుట్టడం, పెరగడం, తగ్గడం చూడటమే కదా మనం నేర్చుకుంటున్న ధ్యానం!

ధమ్మ బంధువులారా, డబ్బు మన యజమాని కాదు, శత్రువూ కాదు. అది చెమట. ఊరి చివర బతికిన మన తాతల చేతికి కూలి గింజలు తప్ప రూపాయి రాలేదు. రాజ్యాంగం వల్ల, చదువు వల్ల మన చేతికి వచ్చిన మొదటి తరం రూపాయి ఇది. దాన్ని మేడిచెట్టు దులిపినట్టు దులపకండి. తక్కెడ పట్టుకున్న చెయ్యి వణకకుండా ఉండాలి.

అందరూ అప్పు లేకుండా, భయం లేకుండా, సుఖంగా ఉందురు గాక!

భవతు సబ్బ మంగళం.

నమో బుద్ధాయ! జై భీమ్!